ఉమ్మడి యుద్ధ విమానం: మార్చే హక్కు ఎవరిది?

2025 ఫిబ్రవరిలో బెంగళూరు యలహంక వైమానిక స్థావరంలో జరిగిన ఏరో ఇండియా ప్రదర్శనలో అమెరికా ఎఫ్-35, రష్యా సుఖోయ్-57 ఒకే ప్రాంగణంలో నిలబడ్డాయి. ఒకదానికి పోటీగా మరొకటి తయారైన ఈ రెండు స్టెల్త్ (రాడార్‌కు సులువుగా చిక్కని) యుద్ధ విమానాలు అలా ఒకేచోట కనిపించడం చాలా అరుదు. సామాన్య ప్రజలను అనుమతించిన రోజుల్లో మారతహళ్ళి, కేఆర్ పురం, ఎలక్ట్రానిక్ సిటీ నుంచి పిల్లాపాపలతో వచ్చిన తెలుగు కుటుంబాలు కూడా ఎండను లెక్కచేయకుండా మెడలెత్తి చూశాయి. ఎఫ్-35లను భారత్‌కు ఇవ్వడానికి దారి సుగమం చేస్తున్నామని అమెరికా అధ్యక్షుడు ట్రంప్ ఆ వారమే ప్రకటించడంతో, తెలుగు టీవీ చర్చల్లోనూ అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపుల్లోనూ చాలాకాలం ఒకటే ప్రశ్న తిరిగింది: ఈ రెండింట్లో మనం ఏది కొనాలి?

అదే ప్రదర్శనలో మూడో విమానం కూడా ఉంది. అది ఎగిరేది కాదు. బెంగళూరులోని ఏరోనాటికల్ డెవలప్‌మెంట్ ఏజెన్సీ రూపొందిస్తున్న అడ్వాన్స్‌డ్ మీడియం కంబాట్ ఎయిర్‌క్రాఫ్ట్‌కు, అంటే ఆమ్కాకు, నిజమైన కొలతలతో చేసిన నమూనా అది. దాని ముందు నిలబడ్డవారికి కలగవలసిన సందేహం కొనుగోలు గురించి కాదు. ఇంత ఖరీదైన, ఇంత జటిలమైన యంత్రాన్ని ఏ దేశమైనా ఒంటరిగా తయారు చేసుకోగలదా, ఇంకొకరితో కలిసి చేస్తే ఎవరికి ఏం దక్కుతుంది, ఏం పోతుంది అన్నది అసలు విషయం. బ్రిటన్, ఇటలీ, జపాన్ ఒక జట్టుగానూ, ఫ్రాన్స్, జర్మనీ, స్పెయిన్ మరొక జట్టుగానూ తర్వాతి తరం యుద్ధ విమానాల పనిలో దిగిన ఈ కాలంలో ఆ విషయాన్ని కొంచెం లోతుగా చూడటం మంచిది.

సహకారం పేరుతో జరిగే బేరాలన్నీ ఒకటి కావు. సిద్ధంగా ఉన్న విమానాన్ని కొనుక్కోవడం ఒకటి. లైసెన్సు తీసుకుని ఇక్కడే తయారు చేసుకోవడం మరొకటి. నాసిక్‌లో ప్రభుత్వ విమాన తయారీ సంస్థ హెచ్ఏఎల్ సుఖోయ్-30 ఎంకేఐలను ఆ పద్ధతిలోనే తయారు చేసింది. ఇతరుల విమానానికి విడిభాగాలు చేసిపెట్టే వాటా సంపాదించడం ఇంకొకటి. ఇవేవీ కాకుండా, తెల్లకాగితం దగ్గర నుంచీ కలిసి కూర్చుని రూపకల్పన చేయడం అన్నింటికన్నా కష్టమైనది. వీటి మధ్య తేడా విమానం రన్‌వే మీదికి వచ్చిన రోజున తెలియదు, పది పదిహేనేళ్ళ తర్వాత తెలుస్తుంది. అప్పటికి రాడార్ పాతబడుతుంది, కొత్త క్షిపణి చేతికి వస్తుంది, ఎదుటి దేశం రాడార్లను గందరగోళపరిచే కొత్త జామర్లు తెస్తుంది. ఆ రోజున సాఫ్ట్‌వేర్‌ను తెరిచి, లెక్కలు సరిచూసి, మార్పు చేసి, ఇది సురక్షితమని సంతకం పెట్టగల అధికారం ఎవరి చేతిలో ఉంది? పరిశ్రమలో దీన్ని డిజైన్ అథారిటీ అంటారు. సుఖోయ్-30 ఎంకేఐ రష్యా రూపకల్పనే అయినా, దాని మిషన్ కంప్యూటర్ మన డీఆర్‌డీఓ ప్రయోగశాలలో పుట్టింది కాబట్టే అస్త్ర లాంటి మన క్షిపణులను దానికి జతచేయడం సులువైంది. కర్ర ఉన్నవాడిదే బర్రె అన్న సామెత ఈ రంగానికి అతికినట్టు సరిపోతుంది. డబ్బు ఎవరు ఎంత పెట్టారు, రెక్క ఎవరు బిగించారు అన్నవి దాని తర్వాతి సంగతులు.

మరి కలిసి చేయవలసిన అవసరం ఎందుకు వస్తోంది? రూపకల్పన ఖర్చు విమానాల సంఖ్యను బట్టి తగ్గదు. వంద విమానాలు చేసినా, వెయ్యి చేసినా గాలి సొరంగ పరీక్షలు, ఇంజన్ పరీక్షలు, సాఫ్ట్‌వేర్ ధ్రువీకరణ అన్నీ ఒకేలా చేయాలి. ఆ ఖర్చును ఎక్కువ విమానాల మీద పంచగల దేశానికే ఒక్కో విమానం భరించగలిగే ధరకు వస్తుంది. ఆరో తరం అని పిలుస్తున్న విమానాల్లో ఈ భారం ఇంకా పెరుగుతోంది. ఎందుకంటే అక్కడ విమానం ఒంటరిగా ఉండదు, దాని వెంట పైలట్ లేని సహచర డ్రోన్లు, వాటన్నిటినీ కలిపే డేటా వ్యవస్థ, సెన్సర్లకూ కంప్యూటర్లకూ కావలసినంత విద్యుత్తును పుట్టించే కొత్త ఇంజన్ అన్నీ ఒకే కార్యక్రమం కిందికి వస్తాయి. అమెరికా 2025 మార్చిలో ఎఫ్-47 పనిని బోయింగ్‌కు అప్పగించి తన దారిన తాను పోతోంది. చైనాలో తోక లేని కొత్త విమానం ఒకటి 2024 డిసెంబరులో చెంగ్డూ మీద ఎగురుతూ కనిపించింది. ఈ రెండు దేశాలు తప్ప మిగిలిన అందరికీ పొత్తు తప్పనిసరి అవసరంగా మారుతోంది.

పొత్తు ఎలా నడుస్తుందో తెలుసుకోవడానికి యూరోఫైటర్ టైఫూన్‌ను దగ్గరగా చూడాలి. బ్రిటన్, జర్మనీ, ఇటలీ, స్పెయిన్ కలిసి చేసిన ఈ విమానంలో ఎడమ రెక్క ఇటలీలో తయారవుతుంది, కుడి రెక్క స్పెయిన్‌లో తయారవుతుంది. ముందు భాగం బ్రిటన్‌ది, మధ్య భాగం జర్మనీది. ఒకే విమానానికి రెండు రెక్కలు రెండు దేశాల్లో చేయించడం ఏ ఇంజనీరూ కోరుకునే ఏర్పాటు కాదు. పైగా ఇవన్నీ కలిపి బిగించే కర్మాగారాలు కూడా వార్టన్, మాన్షింగ్, టురిన్, హెటాఫే అని నాలుగు చోట్ల, దేశానికి ఒకటి చొప్పున ఉన్నాయి. కారణం సూటిగా ఉంటుంది: ఎన్ని విమానాలు కొంటానని మాట ఇస్తే అంత శాతం పని తన దేశంలో జరగాలని ప్రతి ప్రభుత్వమూ పట్టుబట్టింది. పన్ను కట్టే ప్రజలకు ఉద్యోగాలు చూపించాలి కదా. జర్మనీ మొదట 250 విమానాలు తీసుకుంటానని చెప్పి, తర్వాత ఆ సంఖ్యను బాగా తగ్గించుకున్నప్పుడు పని వాటాల మీద పెద్ద తగవే నడిచింది. 1980ల మధ్యలో మొదలైన ప్రయత్నంలో తొలి విమానం 1994లో ఎగిరింది, వైమానిక దళాల సేవలోకి 2003లో వచ్చింది.

ఈ జట్టులో మొదట ఫ్రాన్స్ కూడా ఉండేది. విమానవాహక నౌక మీద దిగగల తేలికపాటి విమానం కావాలని, తన ఇంజనే వాడాలని, రూపకల్పనకు తానే నాయకత్వం వహిస్తానని అడిగి, ఒప్పుకోకపోయేసరికి 1985లో బయటికి వెళ్ళిపోయింది. ఆ విడిపోవడం నుంచి పుట్టిందే రఫేల్. అంబాలా, హాసీమారా స్థావరాల్లో మన వైమానిక దళం నడుపుతున్న రఫేల్‌లను చూసినప్పుడు, ఒకప్పటి తెగిపోయిన పొత్తు ఫలితం అవి అని గుర్తుపెట్టుకోవాలి. ఏ ఇంజన్ పెట్టాలన్నా, ఏ ఆయుధం బిగించాలన్నా, ఎవరికి అమ్మాలన్నా పారిస్‌లో ఒక్కచోట నిర్ణయం జరుగుతుంది. టైఫూన్ విషయంలో అలా కుదరదు. సౌదీ అరేబియాకు మరిన్ని టైఫూన్లు అమ్మాలని బ్రిటన్ ప్రయత్నిస్తే, పాత్రికేయుడు ఖషోగ్గీ హత్య తర్వాత 2018 నుంచి జర్మనీ అడ్డుచెప్పింది. ఆ అభ్యంతరాన్ని 2024 జనవరిలో గానీ వదులుకోలేదు. నలుగురు అన్నదమ్ములు కలిసి వేయించిన బోరులో నీళ్ళు పక్క చేనువాడికి అమ్మాలంటే నలుగురూ తలూపాల్సిందే. ఎగుమతి అనుమతి ఎవరిది అన్న పద్దు ఒప్పందంలో ఎంత ముఖ్యమో బ్రిటిష్ పరిశ్రమకు ఆ ఐదేళ్ళలో తెలిసివచ్చింది.

1985లో తేలని పేచీయే నలభై ఏళ్ళ తర్వాత మళ్ళీ తలెత్తింది. 2017 జులైలో మాక్రాన్, మెర్కెల్ కలిసి ప్రకటించిన ఫ్రాన్స్, జర్మనీల కార్యక్రమంలో 2019లో స్పెయిన్ చేరింది. విమానానికి రఫేల్ తయారీదారైన ఫ్రాన్స్ సంస్థ దస్సో, డ్రోన్లకూ డేటా వ్యవస్థకూ ఎయిర్‌బస్, ఇంజన్‌కు ఫ్రాన్స్ సఫ్రాన్, జర్మనీ ఎంటీయూ, సెన్సర్లకు స్పెయిన్ ఇంద్రా అని కాగితం మీద పని చక్కగానే పంచారు. కానీ విమానం విషయంలో దస్సోకు నాయకత్వం ఉందంటే దాని అర్థం ఏమిటి? కింది సరఫరాదారులను ఎంచుకునే హక్కు నాయకుడిదని దస్సో అంటుంది. ముగ్గురు భాగస్వాముల్లో ఇద్దరం మేము, మా మాటకు విలువ లేదా అని ఎయిర్‌బస్ జర్మనీ, స్పెయిన్ శాఖలు అడుగుతాయి. 2025లో దస్సో 80 శాతం పని తనకే అడుగుతోందన్న వార్తలు జర్మనీలో దుమారం లేపాయి. ఆ ఏడాది చివరికి కూడా తగవు తెగలేదు. నా ఉద్దేశంలో ఇక్కడ తప్పు కంపెనీల అహంకారంలో లేదు, అవసరాల్లోనే ఉంది. ఫ్రాన్స్‌కు అణు క్షిపణి మోయగల, నౌక మీద దిగగల విమానం కావాలి. జర్మనీకి ఆ రెండూ అక్కర్లేదు. పెళ్ళిచూపుల్లో అడగాల్సిన మాటలు అప్పగింతల వేళ అడిగినట్టుంది వీరి వ్యవహారం.

జపాన్ కథ ఇంకొక రకం, మనకు ఎక్కువ పనికివచ్చే రకం. 1980లలో జపాన్ సొంత యుద్ధ విమానం చేసుకోవాలనుకుంటే, అమెరికా ఒత్తిడి మీద ఎఫ్-16 ఆధారంగా ఉమ్మడి విమానానికి ఒప్పుకోవలసి వచ్చింది. అదే ఎఫ్-2. ఆర్థికంగా దూసుకొస్తున్న జపాన్‌కు సాంకేతికత అప్పనంగా ఇస్తున్నారంటూ 1989లో అమెరికన్ కాంగ్రెస్ గోల చేసింది. ఫలితంగా విమాన నియంత్రణ సాఫ్ట్‌వేర్ సోర్స్ కోడ్‌ను అమెరికా ఇవ్వలేదు. జపనీయులు దాన్ని స్వయంగా రాసుకోవలసి వచ్చింది. మరోవైపు జపాన్ సొంతంగా సాధించిన కాంపోజిట్ రెక్క తయారీ విద్య మాత్రం ఒప్పందం ప్రకారం అమెరికాకు వెళ్ళింది. ఉత్పత్తి పనిలో సుమారు 40 శాతం కూడా అమెరికా కంపెనీలకే దక్కింది. 1995లో తొలిసారి ఎగిరిన ఆ విమానం సమర్థమైనదే గానీ, జపాన్ రక్షణ వర్గాల్లో మిగిలిన చేదు చాలా ఏళ్ళు పోలేదు.

ఆ చేదు వల్లే ఈసారి జపాన్ ముందుగా చేతిలో సరుకు సిద్ధం చేసుకుంది. ఐహెచ్ఐ సంస్థ 15 టన్నుల తోపుడు బలం (థ్రస్ట్) ఇవ్వగల ఎక్స్ఎఫ్9 ఇంజన్‌ను 2018లో ప్రభుత్వానికి అప్పగించింది. ఎక్స్-2 అనే ప్రయోగాత్మక స్టెల్త్ విమానాన్ని 2016లోనే ఎగరేశారు. ఎఫ్-2 వారసుడి కోసం మొదట అమెరికా సంస్థ లాక్‌హీడ్ మార్టిన్ సాయం తీసుకోవాలనుకుని, చివరికి బ్రిటన్, ఇటలీల వైపు తిరిగారు. 2022 డిసెంబరులో మూడు దేశాలూ జీక్యాప్ అనే ఉమ్మడి కార్యక్రమాన్ని ప్రకటించాయి. మరుసటి ఏడాది డిసెంబరులో టోక్యోలో ఒడంబడిక మీద సంతకాలయ్యాయి. బ్రిటన్‌లోని రెడింగ్‌లో ఉమ్మడి ప్రభుత్వ సంస్థ వెలిసింది. 2025లో బీఏఈ సిస్టమ్స్, లియొనార్డో, జపాన్ సంస్థ సమాన వాటాలతో ఎడ్జ్‌వింగ్ అనే కంపెనీ పెట్టాయి. విమానం 2035లో సేవలోకి రావాలన్నది లక్ష్యం. 2070 దాటే దాకా, అంటే విమానం జీవితకాలమంతా, డిజైన్ అథారిటీ ఎడ్జ్‌వింగ్‌దే అని మొదటి రోజే రాసుకున్నారు. భాగస్వాములు ఎవరికి వారు విమానాన్ని మార్చుకునే స్వేచ్ఛ ఉండాలన్నది జపాన్ మొదటి నుంచీ అడిగిన షరతు. ఎగుమతుల విషయంలో కూడా టైఫూన్ అనుభవం మళ్ళీ రాకూడదని బ్రిటన్, ఇటలీ ఒత్తిడి చేయడంతో, ఆయుధాల అమ్మకంపై కఠిన నియమాలున్న జపాన్ 2024 మార్చిలో ఈ విమానాన్ని మూడో దేశాలకు అమ్మడానికి వీలుగా విధానం సడలించింది. అలాగని అంతా సవ్యంగా ఉందనుకోనక్కర్లేదు. బ్రిటన్ తన సాంకేతికతను మనసు విప్పి పంచుకోవడం లేదని ఇటలీ రక్షణ మంత్రి క్రొసెట్టో 2025లో బాహాటంగానే ఆక్షేపించారు.

ఎఫ్-35ను కూడా తొమ్మిది దేశాల ఉమ్మడి ప్రయత్నమనే చెబుతారు, కానీ అక్కడ పెత్తనం ఒక్కరిదే. మిగిలినవారికి దక్కింది విడిభాగాల పని. టర్కీ దాదాపు 900 రకాల భాగాలు చేసేది. రష్యా ఎస్-400 క్షిపణి వ్యవస్థ కొన్నందుకు 2019 జులైలో దాన్ని కార్యక్రమం నుంచి తీసేశారు. టర్కీ కోసం తయారైన విమానాలను చివరికి అమెరికా వైమానిక దళమే కొనుక్కుంది. ఎస్-400 మన దగ్గర కూడా ఉందన్నది ఎఫ్-35 కొనాలా వద్దా అన్న చర్చల్లో తరచుగా మరుగున పడుతున్న విషయం.

ఇక బెంగళూరుకు వద్దాం. కొత్త తరం విమానాల్లో పొత్తు మనకు కొత్త అనుకుంటాం గానీ, ఈ ఊరు అరవై ఏళ్ళ కిందటే ఆ పాఠం చదివింది. కస్తూర్బా రోడ్డులో విశ్వేశ్వరయ్య మ్యూజియం ఆవరణలో పిల్లలు ఫోటోలు దిగే ఆ పాత విమానం హెచ్ఎఫ్-24 మారుత్. జర్మన్ రూపశిల్పి కుర్ట్ టాంక్‌ను 1956లో హెచ్ఏఎల్‌కు రప్పించి, ఆయన నాయకత్వంలో మన ఇంజనీర్లు గీసిన విమానం. 1961 జూన్ 17న సురంజన్ దాస్ దాన్ని మొదటిసారి ఎగరేశారు. ముందు నుంచి చూస్తే సన్నగా, వాడిగా, ధ్వనికి రెట్టింపు వేగానికి సిద్ధమన్నట్టు ఉంటుంది. వెనక్కి వెళ్ళి చూస్తే ఆ ఒంటికి సరిపోని రెండు చిన్న ఇంజన్ గొట్టాలు కనిపిస్తాయి. అవి బ్రిటిష్ ఆర్ఫియస్ 703 ఇంజన్లు. విమానాన్ని గీసింది అంతకన్నా శక్తిమంతమైన ఆర్ఫియస్ 12 కోసం. ఆ ఇంజన్ అభివృద్ధి పూర్తిచేయడానికి బ్రిటిష్ సంస్థ డబ్బు అడిగితే ఢిల్లీ ఇవ్వలేదు.

తర్వాత జరిగింది చాలామందికి తెలియదు. అప్పుడు ఈజిప్టు కూడా హెచ్ఏ-300 అనే సొంత విమానం, దానికి ఈ-300 అనే ఇంజన్ చేసుకుంటోంది. మనం మన మారుత్ ఒకదాన్ని అక్కడికి పంపితే, దానిలో వారి ఇంజన్ బిగించి గాలిలో పరీక్షించారు. ఆ ఇంజన్ ఫలిస్తే మారుత్‌కు కూడా పనికివస్తుందన్నది ఆశ. కానీ 1967 యుద్ధం తర్వాత ఈజిప్టు చేతిలో డబ్బు లేకపోయింది, 1969లో కార్యక్రమాన్ని మూసేసింది. ఇంజన్ లేని రెండు దేశాల పొత్తు అలా ముగిసింది. మరుసటి ఏడాది, ఉన్న ఇంజన్‌కే అదనపు తోపుడు ఇచ్చే ఆఫ్టర్‌బర్నర్ జతచేసిన మారుత్‌ను పరీక్షిస్తూ సురంజన్ దాస్ మరణించారు. పాత మద్రాస్ రోడ్డు నుంచి హెచ్ఏఎల్ వైపు రోజూ బైకుల మీద వెళ్ళే తెలుగు కుర్రాళ్ళు దాటుకుపోయే సురంజన్‌దాస్ రోడ్డుకు ఆయన పేరే పెట్టారు.

ఆ తర్వాతి పెద్ద ప్రయత్నం రష్యాతో. 2007లో ఐదో తరం యుద్ధ విమానం కోసం రెండు ప్రభుత్వాలు ఒప్పందం చేసుకున్నాయి. 2010 డిసెంబరులో ప్రాథమిక రూపకల్పనకు 29.5 కోట్ల డాలర్ల కాంట్రాక్టు మీద సంతకాలయ్యాయి. ఈ రెండో తేదీని జాగ్రత్తగా చూడాలి: ఇప్పుడు సుఖోయ్-57గా పిలుస్తున్న రష్యన్ విమానం అదే ఏడాది జనవరి 29న అప్పటికే ఎగిరేసింది. ఎగిరిన విమానానికి ప్రాథమిక రూపకల్పనలో భాగస్వామ్యం అంటే ఏముంటుంది? ఆకారం, ఇంజన్ల స్థానం, రాడార్‌కు కనిపించే తీరు అన్నీ అప్పటికే స్థిరపడ్డాయి. ఇంజన్ మీద, స్టెల్త్ మీద, ఖర్చు మీద మన వైమానిక దళానికి సందేహాలు పెరిగి 2018లో భారత్ తప్పుకుంది. ఇది రష్యా మోసమని అనేవాళ్ళున్నారు. నేను అలా అనుకోను. ఆలస్యంగా వెళ్ళి, చేతిలో డబ్బు తప్ప మరేమీ లేకుండా కూర్చున్నవారికి ఏ దేశమైనా ఇచ్చేది అంతే. అదే రష్యాతో బ్రహ్మోస్ ఎందుకు ఫలించిందో చూస్తే సంగతి తెలుస్తుంది. 1998లో మొదలైన ఆ సంస్థలో మన వాటా 50.5 శాతం, వారిది 49.5 శాతం, ఇంజన్ వారు తెచ్చారు, మార్గనిర్దేశక వ్యవస్థ మనం తెచ్చాం. ఒకరు లేకపోతే మరొకరికి పని జరగదు.

తేజస్ విషయంలో పొత్తు తెగిపోవడమే ఒక విధంగా మేలు చేసింది. గాలిలో దానంతట అది నిలకడగా ఉండని విధంగా గీసిన విమానం తేజస్; క్షణక్షణం కంప్యూటర్ సరిచేస్తూ ఉంటేనే ఎగురుతుంది. ఆ నియంత్రణ వ్యవస్థ కోసం అమెరికాలో లాక్‌హీడ్ మార్టిన్‌తో కలిసి మన ఇంజనీర్లు పనిచేస్తుండగా 1998 మేలో పోఖ్రాన్ పరీక్షలు జరిగాయి, ఆంక్షలు వచ్చాయి, మన బృందం ఇంటిదారి పట్టింది. అప్పటి కార్యక్రమ సంచాలకులు కోట హరినారాయణ ఆధ్వర్యంలో, బెంగళూరులోని నేషనల్ ఏరోస్పేస్ లాబొరేటరీస్ నిపుణులతో కలిసి ఆ పని ఇక్కడే పూర్తిచేశారు. 2001 జనవరి 4న తేజస్ ఎగిరింది. ఈ రోజున కొత్త ఆయుధం పెట్టాలంటే మనం ఎవరినీ అడగక్కర్లేదు. కానీ ఇంజన్? 2021లో అమెరికా సంస్థ జీఈకి 99 ఇంజన్లు ఆర్డరిస్తే మొదటిది 2025 మార్చిలో గానీ రాలేదు. ఆ మధ్య కాలంలో ఇంజన్ లేక, తేజస్‌లో మెరుగుపరచిన రకమైన ఎంకే1ఏ విమానాల అప్పగింత వాయిదాల మీద వాయిదాలు పడింది. తిట్లన్నీ హెచ్ఏఎల్ తిన్నది, అన్నీ దాని తప్పులే కాకపోయినా.

కాబట్టి ఆమ్కాకు కావలసిన పొత్తు ఏమిటో స్పష్టంగానే ఉంది. 25 టన్నుల తరగతి, రెండు ఇంజన్లున్న ఈ విమానం అభివృద్ధికి 2024 మార్చిలో సుమారు రూ. 15,000 కోట్లు మంజూరయ్యాయి. 2025 మేలో ప్రైవేటు కంపెనీలు కూడా హెచ్ఏఎల్‌తో సమానంగా పోటీపడేలా నిర్వహణ విధానం మార్చారు. మొదటి విమానాలు జీఈ ఎఫ్414 ఇంజన్లతో ఎగురుతాయి. తర్వాతి రకానికి అంతకన్నా శక్తిమంతమైన, 120 కిలోన్యూటన్ల తరగతి ఇంజన్‌ను ఫ్రాన్స్ సఫ్రాన్‌తో కలిసి భారత్‌లోనే అభివృద్ధి చేస్తామని రక్షణ మంత్రి రాజ్‌నాథ్ సింగ్ 2025 ఆగస్టులో చెప్పారు. ఇదంతా మానేసి జీక్యాప్‌లోనో, ఫ్రాన్స్ కార్యక్రమంలోనో చేరిపోతే పోదా అనే వాదన కూడా వినిపిస్తుంటుంది. విమానం ఆకారం, ఇంజన్, డిజైన్ అథారిటీ అన్నీ పంచుకున్నాక వెళ్ళే నాలుగో మనిషికి రష్యా దగ్గర దొరికిన కుర్చీయే దొరుకుతుంది. సహచర డ్రోన్లలోనో, సెన్సర్లలోనో విడిగా ఒప్పందాలు చేసుకోవడం వేరే సంగతి, దానికి అభ్యంతరం ఉండనక్కర్లేదు.

ఇంజన్‌లో అంత కష్టం ఏముందో ఒక్క భాగాన్ని చూస్తే తెలుస్తుంది. టర్బైన్ మొదటి వరుసలో అరచేతిలో ఇమిడే బ్లేడు ఒకటి ఉంటుంది. దాని మీదుగా పోయే వాయువు వేడి, ఆ బ్లేడు చేసిన నికెల్ మిశ్రలోహం కరిగే వేడికన్నా కొన్ని వందల డిగ్రీలు ఎక్కువ. పైగా గిర్రున తిరుగుతూ టన్నుల కొద్దీ లాగుడును భరించాలి. మామూలుగా పోతపోసిన లోహంలో ఎన్నో చిన్న స్ఫటికాలుంటాయి, వేడికి వాటి అంచుల దగ్గరే పగుళ్ళు మొదలవుతాయి. అందుకని మొత్తం బ్లేడును ఒకే స్ఫటికంగా పోస్తారు: మైనపు నమూనా చుట్టూ పింగాణీ అచ్చు కట్టి, లోపల గాలి దారుల కోసం సన్నటి పింగాణీ గర్భం పెట్టి, కరిగిన లోహం పోసి, కొలిమిలోంచి అచ్చును అతి నెమ్మదిగా కిందికి దించుతారు. అడుగున మెలికలు తిరిగిన సన్నటి దారి ఉంటుంది; దాన్ని దాటి పైకి ఒక్క స్ఫటికమే ఎదుగుతుంది. తర్వాత ఆ గర్భాన్ని రసాయనాలతో కరిగించి తీసేసి, బ్లేడు ఒంటి మీద సన్నటి రంధ్రాలు వేసి, పింగాణీ పూత పూస్తారు. లోహంలో ఏమేం కలుస్తాయో పరిశోధన పత్రాల్లో దొరుకుతుంది. అచ్చును నిమిషానికి ఎంత దించాలి, ఏ తప్పు ఎందుకు వచ్చింది, వంద బ్లేడుల్లో ఎన్ని పారేయాలి అన్నది మాత్రం ఆ కర్మాగారంలో పనిచేసినవారికే తెలుసు. హైదరాబాద్ కంచన్‌బాగ్‌లోని రక్షణ లోహ పరిశోధనశాల డీఎంఆర్ఎల్ 2021లో హెలికాప్టర్ ఇంజన్ కోసం ఇలాంటి 60 బ్లేడులు చేసి హెచ్ఏఎల్‌కు ఇచ్చింది. యుద్ధ విమాన ఇంజన్ స్థాయి దానికన్నా పైమెట్టు.

బెంగళూరు సీవీ రామన్ నగర్‌లోని గ్యాస్ టర్బైన్ రీసెర్చ్ ఎస్టాబ్లిష్‌మెంట్ 1989 నుంచీ కావేరి ఇంజన్ మీద కుస్తీ పడింది. కావలసిన శక్తి రాక 2008లో దాన్ని తేజస్ నుంచి విడదీశారు. వృథా అని కొట్టిపారేయడం అన్యాయం, ఇవాళ సఫ్రాన్‌తో కూర్చుని ఏం అడగాలో తెలిసిన మనుషులు ఆ పనిలోనే తయారయ్యారు. కాబట్టి ఫ్రెంచివారితో ఒప్పందం వివరాలు బయటికి వచ్చినప్పుడు వంద శాతం సాంకేతికత బదిలీ అన్న పతాక శీర్షికను పక్కనపెట్టి, కింది పద్దులు చదవాలి. మేధో సంపత్తి హక్కులు మన దగ్గరే ఉంటాయని అధికారులు చెబుతున్నారు. ఆ హక్కులో మనం ఒంటరిగా ఇంజన్‌ను మార్చే, పెంచే, మరో విమానంలో వాడే, మూడో దేశానికి అమ్మే స్వేచ్ఛ ఉందా? వేడి భాగాల పోత ఇక్కడే జరుగుతుందా, పూత ఇక్కడే పూస్తారా? తొలి నమూనాలు పరీక్షల్లో పగిలినప్పుడు ఆ ముక్కల్ని విప్పి చూసే బల్ల చుట్టూ మన ఇంజనీర్లు ఉంటారా?

పరీక్షా కేంద్రాల సంగతి వీటన్నిటికన్నా తక్కువ చర్చకు వస్తుంది. ఎత్తైన ఆకాశంలోని పలచటి గాలిని నేల మీదే సృష్టించి ఇంజన్‌ను నడిపి చూసే సదుపాయం కావేరి కాలంలో మన దగ్గర లేదు. అందుకని ఇంజన్‌ను రష్యాకు మోసుకెళ్ళవలసి వచ్చింది. గాలిలో పరీక్ష కూడా 2010లో అక్కడి గ్రోమోవ్ సంస్థవారి ఐఎల్-76 విమానానికి తగిలించే జరిగింది. వారు తీరిక ఇచ్చినప్పుడు వెళ్ళాలి, ఏదైనా తేడా వస్తే సరిచేసుకుని మళ్ళీ వరుసలో నిలబడాలి. ఫ్రాన్స్‌లో ఇలాంటి పరీక్షలు పారిస్ దగ్గర సక్లేలో ప్రభుత్వ కేంద్రంలో జరుగుతాయి. సఫ్రాన్ ఒప్పందంలో మన నమూనాలన్నీ సక్లేకే వెళ్తాయా, లేక అలాంటి కేంద్రం ఒకటి మన గడ్డ మీద కట్టడానికి డబ్బు, గడువు రాసి ఉన్నాయా అన్నది వెతికి చూడవలసిన మొదటి పద్దు.